మధ్యలో వచ్చిన రిపోర్టు తీర్పు కాదు

(పల్లెలో రాత్రి పూట జరిగిన సభలో ఒక కార్యకర్త చేసిన ప్రసంగ పాఠం)

 

ఎప్పుడూ భూమి గురించి, కూలి రేట్ల గురించి మాట్లాడేవాణ్ణి. ఇవాళ నా ఒంటి గురించి మాట్లాడతాను. నాకు హెపటైటిస్ సి వచ్చింది. 2019లో మందు వాడాను. తగ్గింది. ఆ సంగతి ముందే చెప్పేస్తున్నాను. అసలు చెప్పాల్సింది మధ్యలో ఒక కాగితం చూసి భయపడి నేను మందు ఆపేసిన మూడు రోజుల గురించి. ఇప్పుడు మన పల్లెలో ఇద్దరు ఈ మందు మీద ఉన్నారు. వాళ్ళు నాలాగా చెయ్యకూడదని ఈ మాటలు.

ఈ జబ్బు రక్తం నుంచి రక్తానికి పోతుంది. ఒకరికి వాడిన సూది ఇంకొకరికి వాడితే, పరీక్ష చెయ్యని రక్తం ఎక్కిస్తే, ఒకే బ్లేడు పదిమందికి పెడితే వస్తుంది. మా చిన్నప్పుడు జ్వరమొస్తే ఊళ్ళో సూదిమందు ఇచ్చేవాడు ఒకే గాజు సిరంజితో వరసగా అందరికీ పొడిచేవాడు. నాకు అక్కడే వచ్చిందో, ఇంకెక్కడ వచ్చిందో ఎవరూ చెప్పలేరు. ఏళ్ళ తరబడి పైకి ఏమీ తెలియదు. లోపల లివర్ గట్టిపడిపోతూ ఉంటుంది.

2018 జూలై 28న కేంద్ర ప్రభుత్వం వైరల్ హెపటైటిస్ నియంత్రణకు జాతీయ కార్యక్రమం మొదలుపెట్టింది. దాని కింద పరీక్షలు, మాత్రలు ఉచితం. పెద్దాసుపత్రిలో నాకు రోజుకి రెండు మాత్రలు ఇచ్చారు. ఒకటి సోఫోస్‌బువిర్, రెండోది డక్లాటాస్విర్. 12 వారాలు, అంటే 84 రోజులు. మొదలుపెట్టే ముందు నా వైరల్ లోడు 20 లక్షల పైచిలుకు.

28 రోజులు గడిచేసరికి నాకు ఆరాటం పట్టుకుంది. ఆసుపత్రిలో ‘మందు అయ్యాక చూద్దాం’ అన్నారు. నాకు ఆగలేదు. మిరపకాయ కోతల్లో దాచుకున్న డబ్బు పట్టుకుపోయి ప్రైవేటు ల్యాబులో రక్తం ఇచ్చాను. రిపోర్టులో ‘డిటెక్టెడ్’ అని ఉంది. పక్కనే ‘15 కంటే తక్కువ’ అని ఉంది. ల్యాబు కుర్రాడు ‘వైరస్ ఉందండీ’ అన్నాడు. ఆ ‘ఉంది’ ఒక్కటే నా చెవిన పడింది.

ఇంటికొస్తే మా పెదనాన్న ఇంకో మాట అన్నాడు. ఆయన అంతకు పదేళ్ళ ముందు ఇంజెక్షన్ల వైద్యం చేయించుకున్నాడు. ‘మూడో నెల పరీక్ష బాగోలేదని నాకు మందు ఆపేశారురా. నీదీ అంతే’ అన్నాడు. ఇక నేను మాత్ర ముట్టుకోలేదు. మూడు రోజులు. నాలుగో రోజు మా ఆవిడ సీసా తెచ్చి నా ముందు పెట్టి, ‘నువ్వేమన్నా డాక్టరువా? వాళ్ళని అడక్కుండా ఎట్లా ఆపుతావు?’ అంది. ఆమే నన్ను బస్సెక్కించింది.

డాక్టరమ్మ కోప్పడలేదు. కూర్చోబెట్టి చెప్పింది. మీ పెదనాన్న చెప్పింది అబద్ధం కాదు, కానీ అది పాత మందు లెక్క అంది. ఆ రోజుల్లో ఇంటర్‌ఫెరాన్ ఇంజెక్షన్లు వారం వారం, ఆరు నెలలో, ఏడాదో పొడిచేవారు. జ్వరం, నీరసం, మనిషి సగమైపోయేవాడు. అందుకని 12వ వారంలో చూసి, వైరస్ నూరో వంతుకైనా దిగకపోతే, అంటే 20 లక్షలు 20 వేలకైనా రాకపోతే, ఇక లాభం లేదని ఆపేసేవారు. ఈ మాత్రలకు ఆ లెక్క లేదు. నాలుగో వారంలో కొంచెం కనిపించినా, మందు పూర్తయిన రోజున కొంచెం కనిపించినా, అంతమాత్రాన మందు పనిచెయ్యలేదని కాదు. గాదె ఊడ్చినా అడుగున నాలుగు గింజలు తగులుతాయి. 20 లక్షలు పోయి 15 లోపు మిగిలితే గాదె నిండుగా ఉన్నట్టా, ఖాళీ అయినట్టా?

మరి తీర్పు ఎప్పుడు? ఆఖరి మాత్ర వేసుకున్నాక ఇంకో 12 వారాలు ఆగాలి. మందు లేకుండా ఒళ్ళు ఉన్నప్పుడు వైరస్ మళ్ళీ లేచిందా, లేదా అని చూస్తారు. ఆ రోజు కనిపించకపోతే జబ్బు నయమైనట్టే. 84 రోజులు మాత్ర, 84 రోజులు ఓపిక. ఈ మందులతో నూటికి 95 మందికి పైగా నయమవుతోంది. మిగిలినవాళ్ళకు కూడా దారి మూసుకుపోదు. వేరే మందుల జత, ఎక్కువ వారాలు ఇస్తారు.

తప్పిపోయిన మాత్రలు కలిపి మింగొద్దని, ఆ పూట నుంచే వరసగా వేసుకోమని ఆమె చెప్పింది. అట్లాగే చేశాను. ఈ మందు 2013 చివర్లో అమెరికాలో వచ్చినప్పుడు ఒక్క మాత్ర వెయ్యి డాలర్లు. 2015లో మన హైదరాబాదు కంపెనీలే చౌకగా చెయ్యడం మొదలుపెట్టాయి. అంత దూరం నుంచి మన గడప దాకా వచ్చిన మందును ఒక కాగితం చూసి నేను మూల పెట్టాను.

ఇంకో మోసం కూడా ఉంది, జాగ్రత్త. నయమైన తర్వాత కూడా చుక్క రక్తంతో చేసే కార్డు పరీక్ష ‘పాజిటివ్’ అనే వస్తుంది. సాధారణంగా జన్మంతా అట్లాగే వస్తుంది. అది జబ్బు వచ్చిపోయిన గుర్తు మాత్రమే. వైరస్ ఉందో లేదో చెప్పేది వైరల్ లోడు పరీక్ష. అలాగని నయమయ్యాక నిర్లక్ష్యం పనికిరాదు. సూది, బ్లేడు వల్ల మళ్ళీ అంటుకోవచ్చు. లివర్ బాగా గట్టిపడినవాళ్ళు తర్వాత కూడా ఆరు నెలలకోసారి స్కానింగు చేయించుకోవాలి. సారా మానాలి. టీబీ మందులు గానీ, గుండె మందులు గానీ వాడేవాళ్ళు ముందే డాక్టరుకు చెప్పాలి. కొన్ని ఈ మాత్రలతో పడవు.

ఒక మాట చెప్పడానికి నోరు రావటం లేదు. ఆ రోజుల్లో మన ఇళ్ళల్లోనే నాకు గ్లాసు వేరు పెట్టారు. రెండు గ్లాసుల పద్ధతి మీద ఊళ్ళో కొట్లాడినవాళ్ళం మనం! ఈ జబ్బు గ్లాసులో రాదు, కంచంలో రాదు, ముట్టుకుంటే రాదు, పక్కన పడుకుంటే రాదు. రోగికి కాగితం భయం ఒకటి చాలు. దాని మీద మనం ఇంకో భయం పెట్టొద్దు.

కార్యకర్తలు చెయ్యాల్సింది పెద్ద పనేమీ కాదు. మందు మొదలైన రోజు, అయిపోయే రోజు, తీర్పు పరీక్ష రోజు, ఈ మూడూ గోడ మీది క్యాలెండర్లో రాసిపెట్టండి. మధ్యలో ఏ రిపోర్టు వచ్చినా పసరు మందు వాడి దగ్గరికి పోకుండా, మందిచ్చిన డాక్టరు దగ్గరికే తీసుకుపోండి. తీర్పు రోజున ఒక్కణ్ణి పంపకండి, తోడు వెళ్ళండి. ఆ రోజు కూలి పోతుంది, బస్సు ఖర్చు అవుతుంది. అది సంఘం పెట్టుకోవాలి.

నా ఆఖరి రిపోర్టు వచ్చిన రోజున మా ఆవిడే పక్కనుంది. ‘నాట్ డిటెక్టెడ్’ అని ఉంటే, ‘దీంట్లో ‘నాట్’ ఉంది కదా, సరిగ్గా చూశావా?’ అని రెండుసార్లు అడిగింది. చూశాను. మీరూ ఆ రోజు దాకా ఆగండి.

జై భీమ్.