క్రొత్త కొలిమిలోని గాలి



కొలిమి మీరెరుగనిది కాదు. తిత్తిగాలి నిప్పును రాజవేయును. కమ్మరి చేయి ఇనుమునకు రూపమిచ్చును. నేడు సుత్తియు దాగలియు లేని క్రొత్త కొలిమి యొకటి వెలసినది. అందును గాలిదే పెత్తనము. ఆ గాలిని గూర్చియే నేటి నా ప్రసంగము.

ఈ కొలిమియందు పిండివంటి లోహపు పొడిని, తలవెండ్రుక మందమునకు మించని పలుచని పొరగా పరచుదురు. లేసరు కిరణము గీసినచోట మాత్రము పొడి కరగి గట్టిపడును. దానిపై మరియొక పొర, మరల కిరణము. ఇట్లు పొరపై పొరగా వస్తువు తయారగును. 2024 మే 30న శ్రీహరికోటనుండి అగ్నికుల్ సంస్థవారు ఎగురవేసిన రాకెట్టుయొక్క ఇంజను ఈ విధముననే ఏకఖండముగా నిర్మింపబడినది.

ఇనుము 1,538 డిగ్రీల సెంటిగ్రేడున కరగును. సుమారు 2,860 డిగ్రీలకు మరగి ఆవిరియగును. కిరణము పడినచోట వేడిమి ఈ రెండవ మేరను ముట్టుటచే, ఆవిరి చిమ్మనగ్రోవివలె పైకెగయును. ఎగయుచు క్రిందనున్న ద్రవమును అదుముటచే అచట గుంట పడును. గుంట మిక్కిలి లోతై గోడలు కూలినచో అడుగున బుడగ చిక్కుకొనును. నిగనిగలాడు మామిడిపండులోని పురుగువంటిదది. పైకి కానరాదు, భారము పడిననాడు బీట అచటనే పుట్టును.

రైలు వేగముగా పోవునపుడు ప్రక్కనున్న ఎండుటాకులు దానివైపు ఈడ్వబడును గదా! అట్లే ఆవిరిధార చుట్టునున్న వాయువును తనవైపు లాగుకొనును. దానితో పొడియు కొట్టుకొనివచ్చును. కొంత కరగిన మడుగున పడును. కొంత నిప్పురవ్వలై ఎగిరి వేరొకచోట పడి పనిని చెరచును. కిరణము గీసిన గీతకు ఇరుప్రక్కల పొడి తరిగిపోవుటకు ఈ ప్రవాహమే ముఖ్యకారణమని అమెరికాలోని లారెన్స్ లివర్మోర్ జాతీయ ప్రయోగశాలవారు 2016లో తెలిపిరి.

కానరాని వాయువును చూచుటెట్లు? మండువేసవిలో బాటపై గాలి అలలవలె కదలాడుట చూచియుందురు. వేడిగాలి వెలుతురును వంచుటయే దానికి కారణము. ఈ సూత్రము నాధారముగా గొని, అతివేగపు కెమేరాలతో స్కాట్లండులోని హెరియట్-వాట్ విశ్వవిద్యాలయమువారు ఈ ఆవిరిని చిత్రించి 2018లో ప్రకటించిరి. కిరణపు శక్తియు వేగమును మారినకొద్దీ ధార వాలు దిక్కును మారునని తేలినది.

లోహము గాలి తగిలి చెడకుండుటకై పెట్టెలో ఆర్గాను వాయువును నింపి, పొరపై వీచునట్లు చేయుదురు. తూర్పారబట్టు రైతునకు గాలి మర్మము తెలియును. చాలనిచో పొట్టు పోదు. మించినచో గింజయు పోవును. ఇచటను అంతే. ఆర్గాను మందగించినచో లోహపు పొగ కిరణమున కడ్డువచ్చును. హెచ్చినచో పొడియే లేచిపోవును. ఆ తగుమాత్రము నెరుగుటకే ఇంత శ్రమ.

విమానపు భాగములును, తుంటియందు అమర్చు లోహపు కీళ్లును నేడు ఈ కొలిమినుండి వచ్చుచున్నవి. వానిని నమ్ముకొని మనుష్యుల ప్రాణములున్నవి. కావున నిప్పునే కాక గాలిని గూడ ఎరిగినవాడే ఈ కొలిమికి తగిన కమ్మరి.