మానని గాయము

గ్రామపెద్దలారా,

మగడు కొట్టుచున్నాడని యొక యిల్లాలు రచ్చబండకు వచ్చినప్పుడు మనము మొదట చూచునది దెబ్బ. చేయి విరిగినదా, నెత్తురు కారినదా యని విచారింతుము. గాయము కనబడనిచో, సంసారమన్న తరువాత ఇట్టివి తప్పవు, సర్దుకొమ్మని పంపివేయుదుము. సర్దుట యను క్రియ పెట్టెలోని బట్టలకు చెల్లును గాని మనుష్యులకు చెల్లునా యని నాకెప్పుడును సందేహమే. దెబ్బ పది దినములకు మానును. దాని వెనుక నిలిచిన భయము మానదు.

ఆ భయమెట్లు పనిచేయునో వినుడు. వీధితలుపు చప్పుడైనంతనే గుండె దడదడలాడును. నడిరేయి మెలకువ వచ్చినచో తెల్లవారువరకు కునుకు పట్టదు. పొయ్యిమీద పాలు పొంగిపోవుచున్నను చూచుచునే యుండును గాని దింపదు. తలనొప్పి, కడుపునొప్పి యని వైద్యుని కడకు పోయినచో ఏ రోగమును కానరాదు. ఇది సోమరితనము కాదు. గాలియు కాదు, గ్రహమును కాదు. ఎప్పుడేమి వచ్చి మీదపడునో యని అహోరాత్రములు కాచుకొనియుండుటచేత దేహము విశ్రాంతినే మరచినది. భర్తచేత హింస పొందిన స్త్రీలలో కుంగుబాటు అను మనోవ్యాధి ఇతరులకన్న ఇంచుమించు రెండింతలుగా కనబడుచున్నదని ప్రపంచ ఆరోగ్యసంస్థ 2013లో ప్రకటించినది.

ఈ లక్షణములు చూచి మనమేమి చేయుచున్నాము? వేపమండలు తెప్పించి భూతవైద్యుని పిలుచుచున్నాము. లేదా, దానికి మతి చెడినదని మగడు చెప్పగా నమ్ముచున్నాము. కొట్టినవాడు తెచ్చిపెట్టిన రోగమే వానికి సాక్ష్యమగుచున్నది!

దెబ్బ లేనిదే హింస లేదనుట చట్టమునకును విరుద్ధము. 2005లో చేయబడి 2006 అక్టోబరు 26 నుండి అమలులోనున్న గృహహింస చట్టము తిట్లను, అవమానములను కూడ హింసయే యన్నది. బిడ్డలు లేరనియో, మగబిడ్డ లేడనియో యెత్తిపొడుచుటను ప్రత్యేకముగా పేర్కొన్నది. ఇల్లు మగని పేరనున్నను అందు నివసించు హక్కు ఆమెకు కలదు.

కావున ఆమెను మగని యెదుట, అత్తమామల యెదుట ప్రశ్నింపకుడు, నోరు విప్పదు. ఆమె నమ్మిన స్త్రీనొకతెను తోడుంచి వేరుగా అడుగుడు. నిద్ర పట్టుచున్నదా యని అడుగుడు. ప్రాణము తీసికొనవలెనని తోచుచున్నదా యనియు అడుగుడు. అడిగినంతమాత్రమున ఆ తలంపు పుట్టదు, ఉన్నచో బయటపడును. అవునన్నచో ఆ రాత్రి ఆమెను ఆ యింటికి పంపరాదు, ఒంటరిగా విడువరాదు. 181కి ఫోను చేసినచో స్త్రీలకు సహాయమును, 14416కు చేసినచో మానసిక వైద్యసలహాయు ఉచితముగా లభించును. తెల్లవారగనే ఆసుపత్రికి పోవుటకు బండి మాటాడుడు. రాజీపత్రము సంగతి తరువాత చూచుకొనవచ్చును.