క్యాలెండర్ మీది నాగాలు

ఈరోజు పట్టాలు అందుకున్న మీకు, పట్టుచీర నలగకుండా సర్దుకుని కూర్చున్న మీ అమ్మలకు, ఫోన్లు పైకెత్తి ఫొటోలు తీస్తున్న మీ నాన్నలకు నా అభినందనలు.

నేను ముప్పై మూడేళ్లు బ్యాంకులో పనిచేసి రిటైరయ్యాను. మధ్యతరగతి విలువల గురించి నాలుగు మాటలు చెప్పమన్నారు. ఆ మాట వినగానే ఏలూరులో మా వంటింటి గోడకు వేలాడిన వెంకట్రామా అండ్ కో క్యాలెండర్ గుర్తొచ్చింది.

మా నాన్న బడిపంతులు. జీతం ఒకటో తారీఖున వచ్చేది. ఇరవయ్యో తారీఖు దాటితే ఇంట్లో మాటలు కూడా తగ్గిపోయేవి. ఆ క్యాలెండర్ మేకుకు దారం కట్టిన పెన్సిల్ ముక్క ఒకటి ఉండేది. పాలు అదనంగా పోయించుకున్న రోజు, కిరోసిన్ ఇచ్చే రోజు, చీటీ పాట తేదీ, చాకలికి వేసిన బట్టలు, అన్నీ మా అమ్మ ఆ గళ్లలోనే రాసేది. పనిమనిషి రాని రోజున 'నా' అని ఒక్క అక్షరం. నాగా అన్నమాట.

చీటీ సంగతి కొంచెం వివరంగా చెప్పాలి, మీలో చాలామందికి తెలియదు. మా వీధిలో ఇరవై కుటుంబాలు నెలకు యాభై చొప్పున వేస్తే వెయ్యి. డబ్బు అవసరమైనవాళ్లు పాట పాడతారు. రెండొందలు వదులుకుని ఎనిమిది వందలకు పాడుకున్నారనుకోండి, ఆ రెండొందలు ఇరవై మందికీ తలా పది పంచుతారు. అంటే ఆ నెల కట్టాల్సింది నలభయ్యే. చదువుకోని ఆడవాళ్లు కూడా ఈ లెక్క నోటితో చేసేవాళ్లు. నా కాలేజీ ఫీజుకు నాన్న చీటీ పాడిన నెలలో ఎదురింటాయన కూడా పాడదామనే వచ్చాడు. ఫీజు సంగతి చెవిన పడగానే ఇక నోరు విప్పలేదు. నాన్నకు చీటీ చవగ్గా వచ్చింది. ఆ బాకీ క్యాలెండర్ మీద ఎక్కడా లేదు. నాన్న మాత్రం చనిపోయేదాకా చెప్పుకున్నాడు.

మీ కాలానికి ఆ ఎదురింటాయన లేడు. మీరు అప్పు తీర్చే మనిషో కాదో చెప్పడానికి 2000లో సిబిల్ వచ్చింది. స్కోరు బాగుంటే ఫోన్లోనే అప్పు పుడుతుంది. కాదనను, హామీ సంతకం కోసం గుమ్మం గుమ్మం తిరిగే అవమానం తప్పింది. కానీ సంతకం పెట్టేముందు లెక్క వేసుకోండి. 50 లక్షల ఇంటి అప్పు 8.5 శాతం వడ్డీకి 20 ఏళ్లకు తీసుకుంటే నెలకు దాదాపు 43,400 కట్టాలి. అంతా కలిపితే కోటీ నాలుగు లక్షలు. ఈ మాట చెప్పినప్పుడు కస్టమర్ల మొహాలు వాడిపోయేవి. మా మేనేజర్ మొహం ఇంకా ఎక్కువ వాడిపోయేది.

పొదుపు గురించి గొప్పగా చెప్పి దిగిపోతే సభ చప్పట్లు కొడుతుందని తెలుసు. కానీ ఆ క్యాలెండర్లో ఒక నెల నన్నింకా వదల్లేదు. మా పనిమనిషికి జ్వరం వచ్చింది. వరసగా తొమ్మిది 'నా'లు. ఆమె జీతం ముప్పై రూపాయలు, అంటే రోజుకు రూపాయి. ముప్పైలోంచి తొమ్మిది తీసేసి ఇరవయ్యొకటి ఆమె చేతిలో పెట్టాం. ఆ తీసివేత చేసింది నేనే. నాకు లెక్కల్లో మంచి మార్కులొచ్చేవి. ఆమె మారుమాట అనలేదు. డబ్బు కొంగున ముడేసుకుని, గిన్నెల దగ్గరికి వెళ్లి కూర్చుంది.

ఆమెకు ఆదివారం కూడా సెలవు లేదు. ఇళ్లలో పనిచేసేవాళ్లకు వారానికి కనీసం 24 గంటలు వరసగా విశ్రాంతి ఉండాలని అంతర్జాతీయ కార్మిక సంస్థ 2011 జూన్‌లో జెనీవాలో 189వ ఒప్పందం చేసింది. మన దేశం దానికి అనుకూలంగా ఓటు వేసింది. దాన్ని ఆమోదించి అమల్లో పెట్టుకోవడం మాత్రం ఇంకా జరగలేదు. మనకు రావలసినది పైసాతో సహా రాసుకోవడం, మనం ఇవ్వాల్సిన దగ్గర పెన్సిల్ పక్కన పెట్టడం: మధ్యతరగతి జబ్బు అది. నా జబ్బు కూడా.

ఇంకొక గడి సంగతి. అమ్మకు జ్వరం వచ్చిన రోజులు ఆ క్యాలెండర్లో లేవు. వంట ఆగలేదు గనక ఎవరూ రాయలేదు. ఏడాదికి 365 రోజులూ ఆమె హాజరే.

మొదటి జీతం రాగానే ఇంటికి ఏదో ఒకటి కొనాలనుకుంటారు, కొనండి. దాంతోపాటు మీ ఇంట్లో పనిచేసే ఆమెకు వారానికొక రోజు సెలవివ్వండి, జీతం కోయకుండా. ఆ రోజు గిన్నెలు మీరు తోమండి. అమ్మని తోమనివ్వకండి.