ఎవరి గంట మిగులుద్ది?
(రైలుకట్ట పక్క పల్లెల సమావేశంలో చేసిన ప్రసంగం)



స్పీడు బండ్ల కోసం రైలు లైన్లు బాగుచెయ్యటానికి పెట్టే ఖర్చు దండగా కాదా అని మీరు అడిగారు. ఒక మాట ముందే చెప్తున్నాం. వేగానికి మనం వ్యతిరేకం కాదు. కూలికి పోయేవాళ్ళకి గంట విలువ తెలుసు. అయితే మిగిలే గంట ఎవరిది? అదీ మనం అడగాల్సింది.

2023 జనవరిలో సికింద్రాబాదు–విశాఖ వందే భారత్ మొదలైంది. దాదాపు 700 కి.మీ. ఎనిమిదిన్నర గంటల్లో పోద్ది. మంచిదే. అన్నీ ఏసీ బోగీలే, జనరల్ బోగీ ఒక్కటీ లేదు. అట్లాంటి బండికి దారియ్యటానికి మన పాసింజరు లూపు లైన్లో పడుంటది. వాళ్ళకి మిగిలే నిమిషాలు మన దగ్గర కోసినవే. కరోనాకి ఆపిన పాసింజర్లు మళ్ళీ వచ్చినప్పుడు ఎక్స్‌ప్రెస్ పేరు తగిలించారు. నడక పాతదే. కనీస టికెట్టు మాత్రం 10 రూపాయల నుంచి 30 అయింది. మళ్ళీ 10కి దిగింది 2024లోనే.

ఇంకోటి. స్పీడు పెంచటానికి కట్ట వెంట కంచె వేస్తున్నారు, గేట్లు తీసేస్తున్నారు. ప్రాణాలు కాపాడటానికి అది అవసరమే. కానీ వాడ ఈపక్క, చేలు ఆపక్క ఉంటే? గేటు బదులు అండర్ బ్రిడ్జి కడతారు. వానపడితే అందులో మోకాటి లోతు నీళ్ళు. కాన్పుకి ఆటో పోయేదెట్లా? పాడె దాటేదెట్లా? ఈ ఖర్చు ఏ అంచనాలో రాశారు?

2023 అక్టోబరు 29న విజయనగరం జిల్లా కంటకాపల్లి దగ్గర పలాస పాసింజరుని రాయగడ పాసింజరు వెనకనుంచి గుద్దింది. 14 మంది పోయారు. డ్రైవరు ఎర్ర సిగ్నలు దాటితే తనంతట బ్రేకువేసే 'కవచ్' ఆ లైన్లో లేదు. కట్ట వెంట కవచ్ పెట్టటానికి కిలోమీటరుకి 50 లక్షలని రైల్వేవాళ్ళే చెప్పారు, ఇంజన్ల ఖర్చు వేరే. ముంబై–అహ్మదాబాదు బుల్లెట్ రైలుకి 508 కి.మీ.కి మంజూరైన అంచనా 1,08,000 కోట్లు. కిలోమీటరుకి 212 కోట్లు! ఆ ఒక్క కిలోమీటరు డబ్బుతో 400 కిలోమీటర్ల కట్టకి కవచ్ వస్తది.

కాబట్టి మా జవాబు ఇది. పట్టా గట్టిచేస్తే, సిగ్నళ్ళు మారిస్తే అది దండగ కాదు. అదే పట్టా మీద మన పాసింజరూ నడుస్తది. టికెట్టు కొనలేనివాళ్ళని కట్ట పక్కన నిలబెట్టి చూడమనే వేగమైతే దండగే. ముందు కవచ్. తర్వాత జనరల్ బోగీలు, పాసింజర్లు, నీళ్ళు నిలవని దారి. ఆ తర్వాతే స్పీడు.

కంకర మోసింది మనం. పట్టాల మీద మలం ఎత్తింది మనం. ఆ పాకీపని ఆపమని 2014లో సుప్రీంకోర్టు రైల్వేకి చెప్పాల్సొచ్చింది. ఆ పట్టాల మీద పోయే బండిలో మన సీటు అడగటం దేబిరించటం కాదు, హక్కు. ఈ నెలలోనే ప్రతి పల్లె నుంచీ ఏ గేటు పోయింది, ఏ హాల్టు పోయింది రాసుకురండి. అందరం కలిసి డివిజన్ ఆఫీసుకి పోదాం.

జై భీమ్!