నీళ్లలో మునిగి తేలిన మా నాడె



సంఘం లెక్కల గురించి మాట్లాడమంటారని అనుకొని వచ్చాం. సమాఖ్య వారు "మీ పిల్లలు కట్టిన జలాంతర్గామి సంగతి చెప్పండి" అన్నారు. మేము చదివింది ఎనిమిదో తరగతి. తప్పులుంటే మన్నించాలి.

మా గంజాం జిల్లా కుర్రాళ్లు చాలామంది సూరత్ వెళ్లి పవర్‌లూముల మీద పనిచేస్తారు. అలా వెళ్లి తిరిగొచ్చిన ఒక అబ్బాయి, వరసకి మాకు మనవడు, ఏడాదిపాటు ఇంట్లోనే కూర్చున్నాడు. మగ్గం ఎక్కడు, ఏమడిగినా పలకడు. ఒకసారి విశాఖపట్నం వెళ్తూ తోడు తీసుకెళ్లాం. బీచిలో కురుసుర చూశాం. 1969లో నౌకాదళంలో చేరింది, 2001లో పని చాలించింది, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పొడవు 91 మీటర్లు. బయటికొచ్చాక వాడు "తాతా, ఇది మన నాడెలాగే ఉంది. చిన్నది చేద్దామా?" అన్నాడు. నోరు విప్పాడు, అదే చాలనుకొని సరే అన్నాం.

కొన్న బొమ్మ కాదు, చూసి కట్టిన నమూనా కాదు. వాడే కాగితం మీద గీశాడు. 110 మిల్లీమీటర్ల పి.వి.సి. పైపు 60 సెంటీమీటర్లు కోసి, రెండు పక్కలా మూతలు బిగించాం. నాడె మూతిలాంటి కొసలు విడిగా తగిలించి, వాటిలోకి నీరు పోయేలా వదిలాం.

ఒక వస్తువు ఎంత నీటిని పక్కకి తోస్తుందో, ఆ నీటి బరువుకంటే తేలికైతే తేలుతుంది, ఎక్కువైతే మునుగుతుంది. మా పైపు తోసే నీరు సుమారు 5.7 కిలోలు. మోటారు, బ్యాటరీ, సీసం అన్నీ కలిపి అంతకు కొంచెం తక్కువ రావాలి. పట్టు తూచే కాటా మీదే తూచాం. సీసమంతా అడుగున పెట్టాం, లేకపోతే పడవ బోర్లా పడుతుంది. లోపల 60 మిల్లీలీటర్ల సిరంజిలు రెండు పెట్టాం. చిన్న మోటారు స్క్రూ కడ్డీ తిప్పి వాటితో నీరు పీలిస్తే 120 గ్రాముల బరువు పెరుగుతుంది. తోసేస్తే తగ్గుతుంది. మునగడం, తేలడం అంతా ఆ 120 గ్రాముల్లోనే ఉంది.

సెలవు రోజున సంఘం అద్దకం తొట్టిలో నీళ్లు నింపి పరీక్ష చేశాం. దానికి మీటింగులో మాట పడ్డాం. "జరీ ధర ఎక్కడికి పోతోందో చూడకుండా సెక్రటరీగారు బొమ్మలాడుతున్నారు" అన్నారు. వాళ్ల బాధలో తప్పులేదు. సంఘం డబ్బు ఒక్క రూపాయి వాడలేదని పుస్తకం తీసి చూపించాం.

తొట్టిలో మొదట వచ్చిన చిక్కు కారడం. వెనక రెక్క తిప్పే ఇరుసు పక్క నుంచి నీరు వస్తోంది. కండెలు చుట్టే మా వదినగారు చూసి "నూలుకి కొవ్వు పట్టించి ఇరుసు చుట్టూ చుట్టి బిగించండయ్యా" అన్నారు. అలాగే గ్రీజు పట్టించి బిగించాం. చుక్క రాలేదు. ఓడల ఇరుసులకి కూడా పూర్వం నారని కొవ్వులో తడిపి ఇలాగే బిగించేవారని ఆ తర్వాత తెలిసింది.

తర్వాత చెరువుకి తీసుకెళ్లాం. మునిగింది. ఇక రాలేదు. రిమోట్ ఎంత నొక్కినా పలకలేదు. ఇద్దరు కుర్రాళ్లు దిగి మధ్యాహ్నమంతా వెతికితే బురదలో దొరికింది. ఒడ్డున కొందరు నవ్వారు. వాడు మూడు రోజులు గుమ్మం దాటలేదు.

నాలుగో రోజు మేమే వెళ్లాం. "పోగు తెగితే మగ్గం పడేస్తామా? ముడేసి నేస్తాం కదరా" అన్నాం. చూస్తే వాడు అప్పటికే కారణం పట్టి కూర్చున్నాడు. మేము పెట్టిన రిమోట్ 2.4 గిగాహెర్ట్జ్‌ది. ఆ తరంగం గాలిలో బాగా పోతుంది గానీ నీళ్లలో జానెడు దిగేసరికి నీరసిస్తుంది. పాత 27 మెగాహెర్ట్జ్ సెట్టు అయితే మంచినీళ్లలో కొన్ని అడుగుల లోతుకి కూడా అందుతుంది. ఉప్పునీళ్లలో అదీ పోదు, అందుకే గోపాల్‌పూర్ సముద్రం మాట తలపెట్టలేదు.

ఇంకో తప్పు మాది. సిరంజిలు నిండితే పడవ నీటికంటే బరువయ్యేలా సీసం వేశాం. ఈసారి నిండినా పది గ్రాములు తేలికగానే ఉంచాం. ముందుకి నడుస్తుంటే పక్క రెక్కలు వంచి కిందికి దింపుతాం. మోటారు ఆగినా, సిగ్నల్ తెగినా తనే పైకి వస్తుంది.

రెండోసారి మునిగినప్పుడు ఒడ్డున ఒక్కరూ మాట్లాడలేదు. అవతలి గట్టు దగ్గర తేలింది. ముందుగా చప్పట్లు కొట్టింది మీటింగులో మమ్మల్ని అడిగిన ఆయనే.

వాడు మగ్గం ఎక్కలేదు. ఆ మాట దాచం. ఐ.టి.ఐ.లో చేరాడు. ఆదివారాలు వచ్చి కండెలు చుట్టే ముసలివాళ్ల రాట్నాలకి చిన్న మోటార్లు బిగిస్తున్నాడు. మొదటిది వదినగారిదే.

మా మనవి ఒక్కటే. ప్రతి సంఘంలో ఒక గది, ఒక తొట్టి, పాత సామాను పిల్లలకి వదలండి. మన ఇళ్లలో కొలత ఉంది, ఓర్పు ఉంది. వాళ్లు ఏం నేస్తారో వాళ్లని నేయనిద్దాం.