మాజీ సైనికుని పుస్తకమున చేరవలసిన పతకములు
(పంచాయతీ సభ్యుల సమావేశమున చేసిన ప్రసంగ పాఠము)



పంచాయతీ సమావేశమనగానే బాటలు, మంచినీటి బావులు, వీధిదీపములు, ఇంటిపన్నులు మన తలపునకు వచ్చును. నేడు మేము మీ యెదుట నుంచదలచిన విషయము వీనిలో చేరదు. దీనికి నిధులు అక్కరలేదు. నాలుగు కాగితములు, ఒక కలము, కొంత ఓర్పు చాలును. మీ గ్రామమున సైన్యమునందు పనిచేసి తిరిగివచ్చిన వారుందురు. వారు కష్టించి ఆర్జించిన పతకములన్నియు వారి డిశ్చార్జి పుస్తకమున నమోదై యున్నవా, లేదా? ఇదియే మా ప్రశ్న.

పశ్చిమ గోదావరి జిల్లాలోని మాధవరమునకు మిలిటరీ మాధవరమని పేరు. ఇంటింటి నుండి సైన్యమునకు బిడ్డలను పంపిన గ్రామమది. అన్ని గ్రామములు మాధవరములు కావు. అయినను ఇద్దరో ముగ్గురో మాజీ సైనికులు లేని గ్రామము మన ప్రాంతమున అరుదు. వారి పుస్తకమును ఒక్కమారు విప్పి చూచిన పంచాయతీలు అంతకంటె అరుదు.

డిశ్చార్జి పుస్తకమున సైనికుని నంబరు, హోదా, పేరు, చేరిన తేదీ, విడుదలైన తేదీ, నడవడి, పతకములు వ్రాయబడి యుండును. అందు పతకము లేకపోయిన మాత్రమున అతడు దానికి అర్హుడు కాడని భావింపరాదు. అట్లు తప్పిపోవుటకు ముఖ్యముగ మూడు కారణములు గలవు.

మొదటిది కాలభేదము. 1965 యుద్ధరంగమున సేవ చేసినవారికి సమర సేవా స్టార్, ఆ సమయమున సైన్యమునందుండి నిర్ణీత కాలము సేవ పూర్తి చేసినవారికి రక్షా పతకము ఏర్పరుపబడినవి. అవి స్థాపింపబడినది 1967 జనవరి 26న. యుద్ధము ముగిసి 1966లోనే విడుదలై యింటికి చేరిన సైనికుని పుస్తకమున ఆ పతకము లెట్లుండగలవు? పుస్తకము వ్రాయునాటికి పతకమే లేదు. ఇందు సైనికుని లోపము లేదు, వ్రాసిన గుమాస్తా లోపమును లేదు. కాని అటుపిమ్మట అడిగినవారు లేనిచో ఆ లోటు అట్లే నిలిచిపోవును.

రెండవది ఉత్తర్వులు చేరకపోవుట. సైనికుని బదిలీ, పెండ్లి, గాయము, పతకము మొదలగునవి సైన్యమున పార్ట్ టూ ఆర్డరు అను ఉత్తర్వు ద్వారా ప్రకటింపబడి, అతని షీట్ రోల్ అను సేవాపత్రమున ఎక్కవలెను. ఒక దళము నుండి మరియొక దళమునకు మారినవారి విషయమున ఒకటి రెండు ఉత్తర్వులు నడుమ నిలిచిపోవుట గలదు. 1971 యుద్ధమునకు చెందిన పూర్వీ స్టార్, పశ్చిమీ స్టార్, సంగ్రామ పతకము, మంచుకొండలలోను సరిహద్దులలోను చేసిన సేవకు ఇచ్చు సైన్య సేవా పతకము, తొమ్మిదేండ్ల దీర్ఘసేవా పతకము ఇట్లు తప్పిపోవచ్చును.

మూడవది పేరు. మనకు ఇంటిపేరు ముందు, సొంత పేరు తరువాత. ఈ వాడుక నెరుగని గుమాస్తా ఇంటిపేరునే పేరుగా వ్రాసికొనును. వేరొకరు పొడి అక్షరముతో సరిపెట్టుదురు. ఒకే మనిషి రెండు కాగితములలో ఇద్దరు మనుష్యు లగును.

ఈ పతకముల వలన సొమ్ము వచ్చునా యని మీరడుగవచ్చును. శౌర్య పతకములకు నెలసరి భత్యము గలదు. సేవా పతకములకు అట్టిది లేదు. ఈ మాట మీ గ్రామమున స్పష్టముగ చెప్పుడు. పతకము చేరిన పింఛను పెరుగునని ఆశపెట్టి రుసుము దండుకొను మధ్యవర్తులకు అవకాశమీయకుడు. అయినను ఆ యొక్క పంక్తికి విలువ గలదు. ఆ మనుష్యుడు ఏ యేట, ఏ సరిహద్దున, ఏ చలిలో నిలిచెనో చెప్పు సాక్ష్యమది. గాయమునకో, అంగవైకల్యమునకో సంబంధించిన తగవు వచ్చినపుడు ఆ రంగమున అతడున్నాడని చూపుటకు అక్కరకు వచ్చును. తాత యుద్ధమునకు పోయెనని విన్న మనుమనికి నిదర్శనము వేరొకటి యుండదు.

ఇక చేయవలసిన పని. సైనికుడు విడుదలైన దళమునకు చెందిన రికార్డు కార్యాలయమునకే దరఖాస్తు పోవలెను. మద్రాసు రెజిమెంటు వారికి నీలగిరులలోని వెల్లింగ్టన్, మద్రాసు ఇంజనీరు దళము వారికి బెంగళూరు, ఫిరంగి దళము వారికి నాసిక్ రోడ్డు, సిగ్నల్సు వారికి జబల్పూరు, ఇ.ఎం.ఇ. వారికి సికిందరాబాదు. దరఖాస్తున నంబరు, హోదా, పేరు, పనిచేసిన దళములు, స్థలములు, తేదీలు, కోరుచున్న పతకము పేరు వ్రాసి, డిశ్చార్జి పుస్తకపు నకలు జతచేయవలెను. అసలు పుస్తకమును వారు కోరిననే గాని పంపరాదు. పంపినపుడు స్పీడు పోస్టున పంపి రసీదు దాచవలెను. సైనికుడు గతించినచో భార్య గాని బిడ్డలు గాని వ్రాయవచ్చును. జిల్లా సైనిక సంక్షేమ కార్యాలయము వారు దీనికి తోడ్పడుదురు.

దరఖాస్తున కోరునది ఏదో తేటగా నుండవలెను. పుస్తకమున పతకము నమోదు కాలేదనుట ఒకటి. నమోదైనది కాని పతకము చేతికి రాలేదనుట మరియొకటి. వచ్చిన పతకము పోయినదనుట వేరొకటి. మూడింటిని కలిపి వ్రాసిన జాబునకు సూటియైన ప్రత్యుత్తరము రాదు. సేవాపత్రమున ఏమున్నదో తెలియనిచో, 2005 సమాచార హక్కు చట్టము క్రింద 10 రూపాయల రుసుముతో దాని నకలు కోరవచ్చును.

ఆలస్యము పనికిరాదు. పింఛను లేక విడుదలైనవారి సేవాపత్రములను సాధారణముగ 25 సంవత్సరములు భద్రపరచి పిమ్మట నశింపజేయు నియమము గలదు. 1965లోను 1971లోను పోరాడినవారు నేడు డెబ్బది యేండ్లు దాటినవారు. కార్యాలయమున కాగితము లేనపుడు ఇంట నున్న కాగితమే ఆధారము. పాత జాబులు, సెలవు చీట్లు, ఆసుపత్రి చీట్లు, జీతపు పుస్తకము, వేటిని పారవేయరాదు.

ఇంటి కాగితమున కెంత విలువ యుండునో అమెరికా దేశపు అనుభవము తెలుపుచున్నది. 1973 జూలై 12న సెయింట్ లూయీ నగరము చెంత సైనికుల దస్త్రములున్న భవనము తగులబడెను. 1 కోటి 60 లక్షల నుండి 1 కోటి 80 లక్షల వరకు దస్త్రములు నశించెను. వానికి నకళ్లు లేవు, సూచికయు లేదు. పిమ్మట జీతపు చీట్లు, ఆసుపత్రి చిట్టాలు వెదకి ఒక్కొక్కరి సేవను తిరిగి నిరూపింపవలసి వచ్చెను. అయితే ఆ దేశమున పలువురు సైనికులు ఇంటికి రాగానే తమ విడుదల పత్రమును స్థానిక రిజిస్ట్రారు చిట్టాలో ఎక్కించుకొను ఆచారముండెను. అట్టివారికి ఆ స్థానిక నకలే అండ యయ్యెను. ఊరి కచ్చేరి చేసిన చిన్న పని ఆ పెద్ద భవనము చేయలేని మేలు చేసెను.

ఒక హెచ్చరిక. డిశ్చార్జి పుస్తకమున ఒక్క అక్షరమైనను ఇంటివద్ద వ్రాయరాదు, దిద్దరాదు. అట్లు చేసిన నిజమైన అర్హతయు అనుమానమున పడును. అర్హత తేలకముందే అంగడిలో పతకము కొని తగిలించుకొనుట మంచిది కాదు. రికార్డు కార్యాలయము వారు అర్హత లేదని వ్రాసినచో కారణ మడిగి తెలిసికొనవలెను. కొన్ని పతకములకు ఇన్ని దినములు ఆ స్థలమున నుండవలెనను నియమముండును. కారణము సరికాదని తోచినచో, ఆధారములతో మరల వ్రాయవచ్చును.

సభ్యులారా, మీరు చేయవలసినది నాలుగు మాటలలో చెప్పెదము. మీ వార్డున మాజీ సైనికులను, వారి వితంతువులను గుర్తించి ఒక పట్టిక వ్రాయుడు. వారి డిశ్చార్జి పుస్తకము చదివి, వారు చెప్పు సేవతో పోల్చి చూడుడు. లోటు కనబడినచో దరఖాస్తు వ్రాసిపెట్టుడు. చదువురాని వితంతువును కార్యాలయముల చుట్టు త్రిప్పకుడు. వారి సమ్మతితో ఒక నకలు పంచాయతీ బీరువాలో భద్రపరచుడు.

ముసలి సైనికులు సాధారణముగ తమంత తామడుగరు. ఇచ్చినది పుచ్చుకొనుట, చెప్పినచోట నిలుచుట వారి అలవాటు. వారి తరపున అడుగుట పంచాయతీ ధర్మము. రాబోవు గ్రామసభకు ముందే ఆ పట్టికలో మొదటి పేరు వ్రాయబడునని నమ్ముచున్నాము.

జై హింద్.