ఎవరి మిజాజ్ వారిది

(సంఘం వార్షిక సమావేశంలో ఉపకార వేతనాల ఉపసంఘం తరఫున చేసిన ప్రసంగ పాఠం)



ఉపసంఘం వాళ్లను మాట్లాడమన్నారు కనుక ఎంతమందికి ఎంత ఇచ్చామో లెక్క చెబుతామని మీరు అనుకుని ఉంటారు. ఆ లెక్క నివేదికలో అచ్చయింది, తీరిగ్గా చూసుకోవచ్చు. ఈ రోజు మేము ముగ్గురం కలిసి మరో లెక్క చెప్పదలచుకున్నాం. మేము తప్పిన లెక్క అది. రాసింది ముగ్గురం, చదివేది ఒకరం. మాటల్లో తప్పులుంటే ముగ్గురినీ క్షమించండి.

ఏడేళ్ల కిందటి సంగతి. పదో తరగతి మంచి మార్కులతో ప్యాసై, పాలిటెక్నిక్‌లో సీటు తెచ్చుకున్న ఒక అమ్మాయి మా ముందుకు వచ్చింది. తండ్రికి సైకిళ్ల రిపేరు కొట్టు. పేరు చెప్పం. ఈ నాలుగు మాటలైనా ఆ అమ్మాయి సరేనన్న తర్వాతే చెబుతున్నాం. "చదివి ఏం చేస్తావు బేటీ?" అని అడిగాం. తల వంచుకుంది. మళ్లీ అడిగాం. దుపట్టా అంచు వేలికి చుట్టుకుంటూ నిలబడిందే గాని పెదవి విప్పలేదు. బయట ఇంకా పదిహేను మంది ఉన్నారు, మాకు తొందర. తర్వాత వచ్చిన అబ్బాయి గలగలా మాట్లాడాడు, మమ్మల్ని నవ్వించాడు కూడా. డబ్బు ఆ అబ్బాయికి ఇచ్చాం. అమ్మాయి పేరు ఎదుట రిజిస్టరులో "చురుకు లేదు" అని రాశాం.

నాలుగు రోజుల తర్వాత ఆ అమ్మాయి దగ్గర్నుంచి రెండు పేజీల ఉత్తరం వచ్చింది. డబ్బు అడగలేదు. మేము అడిగిన ప్రశ్నకు జవాబు రాసింది, అంతే. తాను సివిల్ చదువుతానని, తమ వీధిలో ప్రతి వానాకాలం ఇళ్లలోకి నీళ్లెందుకు వస్తాయో కనిపెట్టానని రాసింది. రోడ్డు వేసిన ప్రతిసారీ పాతది తవ్వకుండా దాని మీదే వేస్తున్నారు, ఇంటి గడపల కంటే రోడ్డు ఎత్తయిపోయింది, కాలువ వాలు తిరగబడింది అని బొమ్మ గీసి మరీ చూపించింది. మా ముగ్గురిలో ఎవరమూ ఆ వీధిని అలా చూసి ఉండలేదు. అప్పటికి డబ్బు పంచేశాం. ఫీజు గడువు దాటిపోయి ఆమె సీటు పోయింది.

మరుసటి ఏడు మళ్లీ ప్రవేశ పరీక్ష రాసి సీటు తెచ్చుకుంది. అప్పుడు సంఘమే కట్టింది. కాని మధ్యలో ఒక ఏడు పోయిందిగా! పేదింటి ఆడపిల్ల చదువులో ఒక ఏడు పోతే ఏమవుతుందో ఇక్కడున్న తల్లులకు చెప్పనక్కర్లేదు. ఆ ఏడులో రెండు సంబంధాలు వచ్చాయట. "చదువు ఆగిపోయింది కదా, ఇంకేం?" అన్నారట చుట్టాలు. ఆ తల్లి ఎలా నిలబడి ఆపిందో ఆమెకే తెలుసు.

మేము ఎక్కడ తప్పామని తర్వాత ఆలోచించుకున్నాం. మా ముగ్గురిలో ఇద్దరం మాటకారులం. మాట ఉన్నచోటే తెలివి ఉందనుకున్నాం. అంటే మా స్వభావాన్నే కొలబద్ద చేసుకుని ఎదుటివాళ్లను కొలిచాం. అప్పటినుంచి మనుషుల స్వభావాల గురించి చదవటం మొదలుపెట్టాం. చదివిందాంట్లో మనకు పనికొచ్చేది నాలుగు ముక్కలు చెబుతాం.

స్వభావాలను రకాలుగా విడగొట్టడం కొత్త విద్యేమీ కాదు. మనవాళ్లు కలుసుకోగానే "మిజాజ్ షరీఫ్?" అని అడుగుతారు కదా. మిజాజ్ అంటే శరీరంలో ధాతువుల మిశ్రమం, దానివల్ల వచ్చే స్వభావం. గ్రీకు వైద్యుల నుంచి, జాలినూస్ నుంచి, ఇబ్నె సీనా గ్రంథాల మీదుగా యునానీ హకీములకు వచ్చిన మాట అది. దమ్, బల్గమ్, సఫ్రా, సౌదా అని నాలుగు ధాతువులు. రక్తం ఎక్కువైనవాడు ఉల్లాసి, శ్లేష్మం ఎక్కువైనవాడు నిదానస్తుడు, పసుపు పిత్తం ఉన్నవాడు కోపిష్టి, నల్ల పిత్తం ఉన్నవాడు దిగులు మనిషి అని లెక్క. మన స్వభావాలకు ఈ ధాతువులే కారణమని నేటి విజ్ఞాన శాస్త్రం ఒప్పుకోదు. కాని మనుషులందరూ ఒక్క అచ్చులో పోసినవాళ్లు కారని మన పెద్దలు గుర్తించిన మాట నిజం.

ఇటీవలి కాలానికి వస్తే, స్విట్జర్లాండు దేశపు మానసిక వైద్యుడు కార్ల్ గుస్తావ్ యుంగ్ 1921లో మానసిక రకాల మీద ఒక పెద్ద గ్రంథం ప్రకటించాడు. అంతర్ముఖులు, బహిర్ముఖులు అనే విభజన ప్రపంచమంతా పాకింది దానివల్లనే. ఆ గ్రంథం 1923లో ఇంగ్లీషులోకి వచ్చింది. అమెరికాలో కాథరీన్ బ్రిగ్స్ అనే గృహిణి దాన్ని పట్టుకుని చదివింది. కూతురు ఇసబెల్ పెళ్లాడిన కుర్రవాడి తీరు తమ ఇంటివాళ్ల తీరుకు బొత్తిగా వేరుగా ఉండటం చూసి ఆ తల్లికి ఈ విషయంలో కుతూహలం పెరిగిందని చెబుతారు. అల్లుడు అర్థం కాని అత్తగారు ఏ దేశంలోనైనా ఉంటుంది! కాని ఈ అత్తగారు సణుక్కోకుండా పుస్తకాలు తిరగేసింది.

రెండో ప్రపంచ యుద్ధంలో మగవాళ్లు సైన్యంలోకి పోతే ఆడవాళ్లు కర్మాగారాల్లో చేరారు. ఎవరికి ఏ పని నప్పుతుందో తెలుసుకోడానికి ఇసబెల్ బ్రిగ్స్ మయర్స్ ఒక ప్రశ్నల పట్టిక తయారుచేయడం మొదలుపెట్టింది. అదే మయర్స్–బ్రిగ్స్ సూచిక. 1962లో ఒక పెద్ద పరీక్షల సంస్థ దాన్ని అచ్చువేసింది. ఈ రోజు మన పిల్లలు సెల్‌ఫోనులో పది నిమిషాల్లో ప్రశ్నలకు జవాబులు నొక్కి నాలుగు అక్షరాలు చెప్పుకుంటున్నారే, వాటికి మూలం ఇదే.

ఆ నాలుగు అక్షరాల వెనక నాలుగు జతలున్నాయి. ఒక్కొక్కటీ మన ఇళ్లలో చూద్దాం.

మొదటిది, మనిషికి ఉత్సాహం ఎక్కడినుంచి వస్తుందన్నది. ఈద్ రోజున పొద్దుటినుంచి వచ్చేవాళ్లు, పోయేవాళ్లు, షీర్ ఖుర్మా గిన్నెలు. సాయంత్రానికి ఒకరు ఇంకా హుషారుగా "ఖాలా వాళ్లింటికి కూడా పోదాం పదండి" అంటారు. ఇంకొకరు మేడ మీదికి పోయి ఒంటరిగా కూర్చుంటారు. వారికి చుట్టాలంటే గిట్టక కాదు. ఒంటరిగా ఉంటేనే వారికి ప్రాణం లేచొస్తుంది. మొదటివారు మాట్లాడుతూ ఆలోచిస్తారు, రెండోవారు ఆలోచించాక మాట్లాడతారు. మా ముందు నిలబడిన అమ్మాయికి ఆలోచించుకోడానికి నాలుగు రోజులు కావాలి. మేము రెండు నిమిషాలిచ్చాం.

రెండోది, విషయాన్ని ఎలా గ్రహిస్తామన్నది. సంఘం భవనానికి ప్లాను వచ్చినప్పుడు మాలో ఒకరు తలుపులెన్ని, సిమెంటు బస్తాలెన్ని, కుళాయి ఎక్కడ అని చూశారు. మరొకరు "పదేళ్లకు దీని మీద పిల్లల హాస్టలు కట్టొచ్చు" అన్నారు. కంటికి కనిపించేదాన్ని ఒకరు పట్టుకుంటారు, రాబోయేదాన్ని ఒకరు ఊహిస్తారు. మొదటివారు లేకపోతే గోడ నిలవదు. రెండోవారు లేకపోతే ఎన్నాళ్లయినా ఆ ఒక్క అంతస్తే ఉంటుంది.

మూడోది, ఎలా తీర్పు చేస్తామన్నది. ఒక దరఖాస్తు గడువు దాటి ఒక రోజు ఆలస్యంగా వచ్చింది. "నియమం అందరికీ ఒక్కటే, ఇవాళ ఒప్పుకుంటే రేపు ఎవరికి కాదనగలం?" అని ఒకరం అన్నాం. "ఆ తల్లి ఒంటరిది, ఆసుపత్రిలో ఉంది, అది చూడొద్దా?" అని ఒకరం. ఆ రోజు మేము గట్టిగానే పోట్లాడుకున్నాం. ఒకరు రాతి గుండె అనిపించుకున్నారు, మరొకరు మెత్తటి మనిషి అనిపించుకున్నారు. యుంగ్ ఏమంటాడంటే, ఈ రెండూ వివేకంతో చేసే తీర్పులేనట. ఒకటి తర్కాన్ని తూస్తుంది, ఇంకొకటి మనుషులకు కలిగే మంచిచెడ్డలను తూస్తుంది. ఇది తెలిసి ఉంటే అంత పోట్లాడి ఉండేవాళ్లం కాదేమో.

నాలుగోది తల్లీకూతుళ్లు తమ పట్టికలో విడిగా చేర్చినది. ఇంట్లో నికాహ్ పెట్టుకుంటే ఒకరు మూడు నెలల ముందే పిలుపుల జాబితా, డేగ్చాల లెక్క రాసి పెట్టుకుంటారు. ఇంకొకరు "అప్పటికి చూద్దాం లెండి, ఇన్షా అల్లాహ్ అన్నీ జరుగుతాయి" అంటారు. మొదటివారికి రెండోవారు బద్ధకస్తులు. రెండోవారికి మొదటివారు తలనొప్పి. కాని ఆ రోజున అనుకోకుండా వంద మంది ఎక్కువ వస్తే, తొణక్కుండా సర్దేది ఆ రెండోవారే.

నాలుగు జతల్ని కలిపితే పదహారు రకాలు. ఇక్కడ ఒక చిన్న పని చేయండి. మీ చేతిలో కార్యక్రమం కాగితం ఉంది కదా. దాని మీద సంతకం చేయండి. ఇప్పుడు కలం రెండో చేతికి మార్చి మళ్లీ చేయండి. రెండోది వంకరగా వచ్చింది, ఆలస్యమైంది, అయినా వచ్చింది. స్వభావపు మొగ్గు కూడా ఇంతే. మనకు అలవాటైన చెయ్యి ఒకటుంటుంది, రెండో చెయ్యి లేకపోలేదు. అంతర్ముఖుడు సభలో మాట్లాడగలడు, ఎక్కువ అలసిపోతాడు. లెక్కల మనిషి కలలు కనగలడు, కొంచెం తోయాలి. మొగ్గు వేరు, సామర్థ్యం వేరు. ఈ రెంటినీ కలగలిపేసి మేము తప్పుచేశాం.

ఇక జాగ్రత్తలు కూడా చెప్పాలి. లేకపోతే ఒక తప్పు దిద్దబోయి ఇంకొకటి చేసినవాళ్లమవుతాం.

ఈ తల్లీకూతుళ్లిద్దరూ మనస్తత్వ శాస్త్రం కళాశాలలో చదివినవారు కారు. వారి పట్టిక మీద శాస్త్రజ్ఞులకు గట్టి అభ్యంతరాలున్నాయి. మనుషుల్లో ఎక్కువమంది రెండు కొసల్లో ఉండరు, ఎత్తుల్లో లాగే నడుమ ఉంటారు. పొడుగు, పొట్టి అని అందర్నీ రెండు గదుల్లో కుక్కితే ఎలా? అందుకే కొన్ని వారాల తర్వాత మళ్లీ అదే పరీక్ష రాస్తే చాలామందికి ఒక అక్షరమైనా మారిపోతుంది. 1991లో అమెరికా జాతీయ పరిశోధనా మండలి సంఘం పరిశీలించి, ఉద్యోగ మార్గదర్శనానికి దీన్ని వాడటానికి చాలినంత ఆధారం లేదని తేల్చింది. ఉద్యోగులను ఎంచుకోడానికి వాడవద్దని ఈ పరీక్ష అమ్మే సంస్థే చెబుతోంది. ఇప్పటి పరిశోధకులు ఎక్కువగా ఐదు లక్షణాలను, అవి ఎవరిలో ఎంత పాళ్లలో ఉన్నాయో కొలుస్తారు. మనసు ఎంత త్వరగా కలతపడుతుందనే లక్షణం అందులో ఉంది, నాలుగు అక్షరాల్లో లేదు.

"నాకైతే అచ్చంగా సరిపోయిందండీ" అంటారా? 1948లో అమెరికాలో బెర్ట్రామ్ ఫోరర్ అనే అధ్యాపకుడు 39 మంది విద్యార్థులకు పరీక్ష పెట్టి, ఎవరి వర్ణన వారికి ఇస్తున్నానని చెప్పి ఒక కాగితం ఇచ్చాడు. సరిపోయిందా అని 5కు మార్కులు వేయమంటే సగటు 4.26 వచ్చింది. తీరా చూస్తే అందరికీ ఇచ్చిన కాగితం ఒక్కటే! ఎక్కువగా జాతకాల పుస్తకంలోంచి ఏరిన వాక్యాలవి. ఎవరికైనా సరిపోయే మాటలు మనకోసమే రాశారనుకోవడం మనిషి బలహీనత.

మా ఉపసంఘంలోకి కొత్తగా వచ్చిన కుర్రవాడొకరు, దరఖాస్తు ఫారంలోనే ఈ నాలుగు అక్షరాలకు గడి పెడదామన్నారు. వద్దన్నాం. "చురుకు లేదు" అనే పాత ముద్ర తీసేసి కొత్త ముద్ర కొట్టడం దేనికి? సంబంధాల బయోడేటాల్లో కూడా ఈ అక్షరాలు కనిపిస్తున్నాయి. పిల్లా పిల్లవాడూ ఎలాంటివారో నాలుగు మాటలు మాట్లాడుకుంటే తెలుస్తుంది, అక్షరాలు చూసి కాదనవద్దు. ఇంకోటి. "మా వాడు అంతర్ముఖుడమ్మా, మాట్లాడడు" అని కోడలికి సర్దిచెప్పే తల్లులున్నారు. భార్య కష్టం చెప్పుకుంటుంటే ముఖం తిప్పుకోవడం అంతర్ముఖం కాదు, మర్యాద లేకపోవడం. మిజాజ్ పేరు చెప్పి బాధ్యత తప్పించుకోకూడదు.

మరి మేము ఏం మార్చామంటారా? మూడు పనులు చేశాం. మొదటిది, ప్రశ్నలు ఒక రోజు ముందే కాగితం మీద ఇస్తున్నాం. రెండోది, నోటితో చెప్పినా, రాసి తెచ్చినా ఒకటే విలువ. మూడోది, ముగ్గురం ఒకరితో ఒకరం మాట్లాడుకోకముందే ఎవరి మార్కులు వారు విడివిడిగా వేస్తున్నాం. లేకపోతే మాలో గొంతున్నవారి మాటే నెగ్గుతోంది. ఈ పద్ధతి వచ్చాక మాటకారి పిల్లలకు ఏ నష్టమూ రాలేదు. మాట రాని పిల్లలు మాకు కనిపించటం మొదలైంది.

ఇళ్లలో కూడా ఇది చేసి చూడండి. జవాబు చెప్పని పిల్లను "నోట్లో నాలుక లేదా?" అనకుండా, "రేపు చెప్పు బేటీ" అనండి. గలగలా వాగే పిల్లవాణ్ణి "నోర్ముయ్" అనకుండా కాసేపు వినండి. వాడు మాట్లాడుతూనే ఆలోచిస్తున్నాడు.

ఆ అమ్మాయి డిప్లొమా పూర్తిచేసి ఒక కాంట్రాక్టరు దగ్గర సైటులో పనిచేస్తోంది. ఇప్పటికీ తక్కువే మాట్లాడుతుంది. పోయిన ఏడు మన భవనం వెనక నీళ్లు నిలిస్తే వచ్చి చూసి, ఏమీ అనకుండా వెళ్లి, మూడో రోజున అర పేజీ రాసి పంపింది. అలాగే చేయించాం. ఈ వానాకాలం నీళ్లు నిలవలేదు.

ఏడేళ్ల నాటి రిజిస్టరు బీరువాలో ఉంది. "చురుకు లేదు" అన్న మాట కొట్టెయ్యలేదు. ప్రతి ఏడూ ఎంపికకు కూర్చునే ముందు ఆ పేజీ ఒకసారి తీసి చూసుకుంటున్నాం.